పెరటి తోట ప్లాన్: నాలుగడుగుల సందులో మన మొక్కలు, మన కూరలు

ముందే చెప్తున్నా, ఈ పద్ధతిలో నర్సరీకి వెళ్ళడం చాలా కిందకి వస్తుంది. చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఆదివారం పొద్దున్న వెళ్ళి, కంటికి నచ్చినవి పది మొక్కలు డిక్కీలో వేసుకొచ్చి, ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. మే నెల దాటేసరికి వాటిలో బతికేవి రెండో మూడో.

నేను చెప్పేది మన ఊళ్ళలో మామూలుగా ఉండే ఇంటి సంగతి. 150 నుంచి 250 గజాల స్థలం, మధ్యలో ఇల్లు, ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య మూడు నాలుగడుగుల సందు, వెనకాలో ముందో కాస్త ఖాళీ. అంతకన్నా ఎక్కువ జాగా ఉంటే మీ అదృష్టం, లెక్క మాత్రం ఇదే. బాల్కనీ వాళ్ళకి ఇందులో కొన్ని పనికొస్తాయి, అన్నీ రావు.

ఒక నియమం మొదటే పెట్టుకోండి. ఉన్న జాగాలో మూడో వంతు మాత్రమే కూరగాయల మళ్ళకి. రోజూ నీళ్ళు, ఎరువు, పురుగు చూసుకోవడం, ఈ చాకిరీ అంతా ఆ మూడో వంతుకే పరిమితం చేయండి. మిగతా రెండు వంతులు మన నేలలో పుట్టి పెరిగిన మొక్కలకి వదిలేయండి, అవి మొదటి ఏడాది కాస్త చూసుకుంటే చాలు, తర్వాత మీరు పది రోజులు ఊరెళ్ళినా చావవు. అందరూ దీనికి ఉల్టా చేస్తారు, స్థలమంతా టమాటా, క్యాప్సికం, స్ట్రాబెర్రీ అంటూ నింపేసి, మూడు నెలలకి విసుగొచ్చి సిమెంటు పోయించేస్తారు.

మొదటి పని: ఎండ ఎటు పడుతుందో చూడటం

ఒక కాగితం మీద ఇంటి ప్లాన్ గీసుకుని నాలుగు వైపులూ రాసుకోండి. పొద్దున్న 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఎక్కడ ఎండ ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కూరగాయలకి కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, ఆకుకూరలకి మూడు నాలుగు గంటలు చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. మన అక్షాంశాల్లో సూర్యుడు ఏడాదంతా ఒకే దారిలో పోడు. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, డిసెంబరు వచ్చేసరికి బాగా దక్షిణానికి దిగిపోతాడు. అప్పుడు 22 అడుగుల ఎత్తున్న రెండంతస్తుల ఇంటి నీడ మిట్ట మధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు దాదాపు 19 అడుగులు పడుతుంది. అంటే ఉత్తరపు సందుకి చలికాలమంతా నేరుగా ఎండ తగలదు. జూన్‌లో చూసి, అబ్బ ఇక్కడ భలే ఎండ ఉందే అనుకుని ఆ సందులో వంగ, టమాటా వేస్తే డిసెంబరులో ఆకులే తప్ప కాయ ఉండదు.

మరి ఉత్తరపు సందులో ఏం పెట్టాలి? పసుపు, అల్లం, మామిడల్లం, కంద, చేమ. ఇవన్నీ వానలకి ముందో వానలతోనో నాటేవి, ఆ వైపు ఎండ ఉన్న నెలల్లోనే ఆకేసి పెరుగుతాయి. చలికాలం ముదిరేకొద్దీ పసుపు, కంద ఆకులు పండి వాలిపోతాయి, అప్పటికి దుంప తయారు. ఆ తర్వాత అక్కడ నీడ ఉన్నా వాటికి పోయేదేమీ లేదు. పుదీనా, తమలపాకు, కనకాంబరం కూడా ఆ వైపు హాయిగా ఉంటాయి.

దక్షిణపు సందు చలికాలం కూరగాయలకి బంగారం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొత్తిమీర, మెంతి, పాలకూర, టమాటా, వంగ, మిరప ఇక్కడ బాగా వస్తాయి. ప్రహరీ గోడ మరీ ఎత్తుగా ఉంటే కింద నీడ పడుతుంది, అప్పుడు మడిని ఇంటి గోడ వైపుకి జరపండి.

తూర్పు వైపు ఆకుకూరలకి పెట్టండి. పొద్దున్న ఎండ మెత్తగా తగిలి మధ్యాహ్నానికి నీడ వస్తుంది కాబట్టి ఎండాకాలం కూడా తోటకూర, బచ్చలి ఇక్కడ నిలబడతాయి.

పడమర, నైరుతి వైపు చెట్లు. ఏప్రిల్, మే నెలల్లో ఇంటిని ఉడికించేది ఆ మధ్యాహ్నం తర్వాతి ఎండే. వాస్తు ప్రకారం పెద్ద చెట్లు దక్షిణం, పడమర వైపు ఉండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అంటారు కదా. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా మన ఎండలకి ఆ మాట సరిగ్గానే కుదురుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళతో పేచీ ఉండదు, అదొక లాభం.

రెండో పని: నీళ్ళ లెక్క

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. 120 గజాల డాబా అంటే సుమారు 100 చదరపు మీటర్లు, ఆ లెక్కన ఏడాదికి 80 వేల లీటర్లు, ఆవిరీ వృథా పోయినా 60 వేలకి పైనే. అదంతా పైపులోంచి నేరుగా రోడ్డు మీదకి పోతోంది. డాబా నీళ్ళ పైపుని ఇంకుడు గుంతలోకి మళ్ళించి, ఆ గుంతకి నాలుగైదు అడుగుల దూరంలో నిమ్మో అరటో పెట్టండి, ఎండాకాలంలో తేడా మీకే తెలుస్తుంది. డ్రమ్ములో పట్టుకుంటే మాత్రం మూత గట్టిగా ఉండాలి, లేకపోతే దోమలు, వాటి వెనక డెంగీ. కుండీల కింద ప్లేట్లలో నిలిచే నీళ్ళు కూడా వారానికి రెండుసార్లు పారబోయండి.

వంటింటి నీళ్ళ సంగతి. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా పోయొచ్చు. అంట్లు తోమిన సబ్బు నీళ్ళు ఆకుకూరలకి వద్దు, వాటిని అరటి, చేమ దగ్గరికి చిన్న కాలువలా తియ్యండి. మన పాత ఇళ్ళలో అంట్లు తోమే చోట అరటి పిలకలు ఊరికే పెట్టలేదు. ఆర్‌ఓ మెషిన్ నుంచి వచ్చే వృథా నీళ్ళలో ఉప్పు ఎక్కువ, నారు మీద, కుండీల్లో పోయకండి. ఏసీ నీళ్ళు భేషుగ్గా పోయొచ్చు.

మూడో పని: మట్టి

కొత్త ఇల్లు అయితే ప్రహరీ పక్కన ఉన్నది మట్టి కాదు, మేస్త్రీ వదిలేసిపోయిన సరుకు. ఇటుక ముక్కలు, కంకర, సిమెంటు గడ్డలు, టైల్స్ ముక్కలు. సిమెంటు, సున్నం కలిసిన నేలలో మొక్క ఇనుము తీసుకోలేదు, లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అలాంటప్పుడు ఎంత ఎరువు వేసినా దండగే. అడుగున్నర లోతు తవ్వించి ఆ చెత్త బయట పడేయించి ఎర్రమట్టి పోయించండి. ఖర్చే, కానీ ఒక్కసారి ఖర్చు.

తర్వాత నీరు ఇంకే పరీక్ష. అడుగున్నర గొయ్యి తవ్వి నిండా నీళ్ళు పోయండి. గంట రెండు గంటల్లో ఇంకిపోతే మంచిది. మర్నాడు పొద్దుటికి కూడా నీళ్ళు నిలిచి ఉన్నాయంటే, కృష్ణా గోదావరి డెల్టా ఊళ్ళలోనూ, నల్లరేగడి ఉన్నచోటా ఇది మామూలే, అక్కడ నేల మట్టానికి అడుగు ఎత్తులో ఇటుకలతో మడి కట్టుకుని అందులో వేసుకోవడమే దారి. మునగ, నిమ్మ, బొప్పాయి, ఈ మూడూ వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే బతకవు. ఇసుక నేల అయితే సమస్య తిరగబడుతుంది, పోసిన నీళ్ళు నిలవవు, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు దండిగా కలపాలి.

మడికి మట్టి కలిపే పాళ్ళు: రెండు గంపల ఎర్రమట్టికి ఒక గంప బాగా మాగిన పశువుల ఎరువు, అర గంప కొబ్బరి పొట్టు, రెండు గుప్పెళ్ళ వేపపిండి. ఎరువు మాగిందా లేదా అన్నది చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, చల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉండాలి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి.

పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, మొదలుకి తగలకుండా. వీధి ఊడ్చేవాళ్ళు రాలిన వేపాకు తగలబెడుతుంటే ఆ సంచీ మీ ఇంట్లో పెట్టించుకోండి.

నాలుగో పని: శాశ్వతంగా ఉండే మొక్కలు, ముందు కాగితం మీదే

ఇప్పుడు ప్లాన్ మీద పెద్ద మొక్కలకి చుక్కలు పెట్టండి. మీటరు బాక్సు దగ్గరికి, మోటారు దగ్గరికి, సెప్టిక్ ట్యాంక్ మూత దగ్గరికి మనిషి నడిచే దారి రెండడుగులు వదలాలి, ఇది మర్చిపోతే ఏదో ఒక రోజు మీ దానిమ్మ మీద నుంచే ట్యాంకరు పైపు లాక్కెళ్తారు. సెప్టిక్ ట్యాంక్ మీద, దాని పక్కన తినే ఆకుకూరలు వద్దు, పూల మొక్కలు పెట్టుకోండి.

మన దేశపు మొక్కలు అంటే ఏవి అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. కరివేపాకు, మునగ, ఉసిరి, నేరేడు, వాక్కాయ, కంద, దొండ, బీర, వంగ ఇక్కడివే. మిరప, టమాటా, బొప్పాయి, జామ, సీతాఫలం, చివరికి బతుకమ్మలో పెట్టే బంతి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. గోంగూర ముత్తాతలు ఆఫ్రికాలో ఉన్నారు. గోంగూర పెంచవద్దని ఎవరైనా అంటే వాళ్ళతో మాట్లాడటం మానేయండి. నా లెక్క సింపుల్: కంచెకి, నీడకి, పూలకి మన మొక్కలు, కూర మడిలో మీరు తినేది ఏదైనా సరే.

కంచెకి వాక్కాయ. ముళ్ళుంటాయి, నీళ్ళు పెద్దగా అడగదు, కత్తిరించిన కొద్దీ గుబురుగా వస్తుంది, వానాకాలంలో కాయలతో పప్పు, పచ్చడి. మూడడుగులకి ఒకటి నాటి నడుము ఎత్తులో కత్తిరిస్తూ ఉంటే రెండు మూడేళ్ళలో మేక కూడా దూరలేని గోడ తయారవుతుంది. పిల్లలు ఆడుకునే చోట ముళ్ళు వద్దనుకుంటే అడ్డసరం పెట్టండి, పశువులు, మేకలు దాన్ని ముట్టవు. లేఅవుట్లలో గేటు పక్కన బారులుగా పెట్టే కోనోకార్పస్ జోలికి మాత్రం పోవద్దు. తినడానికి కాయ లేదు, తేనెటీగలకి పనికొచ్చేది లేదు, వేళ్ళు డ్రైనేజీ పైపుల్లోకి దూరితే మళ్ళీ ప్లంబరు.

పడమర వైపు ఒక మునగ. చాలామందికి దీనితో వచ్చే ఇబ్బంది, ఇరవై అడుగులు పోయి కాయ అందకపోవడం, గాలికి కొమ్మ విరిగి పక్కింటి కారు మీద పడటం. మొక్క మూడడుగులు రాగానే తల తుంచండి. ప్రతి ఏడాదీ కాపు అయిపోయాక మూడు నాలుగు అడుగుల ఎత్తులో కొట్టేయండి, నిర్దయగానే. మళ్ళీ చిగురేసి అందే ఎత్తులో కాస్తుంది. వానాకాలంలో దీనికి గొంగళి పురుగులు పడతాయి, రాత్రంతా ఆకు తిని పగలు కాండం మీద గుంపుగా చేరి ఉంటాయి. మందు అక్కర్లేదు, పగటిపూట చీపురుతో సబ్బు నీళ్ళ బకెట్‌లోకి తోసేయండి. చేతులకి తగిలితే దురద, గ్లవ్స్ వేసుకోండి. అందుకే పడకగది కిటికీ పక్కన మునగ పెట్టవద్దని చెప్తాను.

కరివేపాకు నిదానం. మొదటి ఏడాది ఎదగట్లేదని పీకేయకండి. మోకాలి ఎత్తు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. కోసేటప్పుడు ఒక్కో ఆకు గిల్లకుండా రెమ్మ చివర తుంచండి, అక్కడ రెండు కొత్త రెమ్మలు వస్తాయి. పుల్లటి మజ్జిగ నీళ్ళు పలుచగా చేసి నెలకోసారి పోయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, చేయండి.

నిమ్మకి పదడుగుల వెడల్పు కావాలి, సందులో పెట్టకండి. మామిడి, ఉసిరి, నేరేడు 150 గజాల ఇంట్లో కుదరవు, వీధిలో జాగా ఉంటే అక్కడ వేసి నాలుగిళ్ళ వాళ్ళూ తినండి.

పూలకి నందివర్ధనం, పారిజాతం, జాజి. బయట గేటు పక్కన ఎండలో తంగేడు. అది మొక్కగా తెచ్చి నాటితే సరిగా బతకదు, గింజలు గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి నేరుగా నేలలో విత్తండి. నిమ్మపచ్చ రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది తంగేడు, రేల జాతి మొక్కల మీదే. ఈ పూల మొక్కలు అలంకారానికే అనుకోకండి, కూర పాదుల కాపు వీటి మీద ఎలా ఆధారపడుతుందో కిందకి వస్తే చెప్తాను.

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, పచ్చగన్నేరు కాయ అసలే వద్దు.

ఐదో పని: ఇప్పుడు నర్సరీ

జూన్ చివర, జూలైలో వెళ్ళండి. రెండు మూడు వానలు పడి నేల చల్లబడ్డాక నాటిన మొక్కకి ఎండాకాలం వచ్చేలోపు ఏడెనిమిది నెలలు వేళ్ళు దించే టైం దొరుకుతుంది. ఫిబ్రవరిలో నాటితే మే దాకా మీరు దానికి కాపలా.

కడియం, కడియపులంక నర్సరీల వైపు వెళ్ళినా, మీ ఊరి చివర షెడ్డులో కొన్నా ఒకటే సూత్రం, పొడుగ్గా పూలతో ఉన్న మొక్క వద్దు, పొట్టిగా, లావు కాండంతో ఉన్నది తీసుకోండి. కవరు అడుగున వేళ్ళు సుడి తిరిగి ఉన్నాయేమో చూడండి, అలాంటిది నేలలో పెట్టినా ఏళ్ళ తరబడి అలాగే కూర్చుంటుంది. బొప్పాయి గింజ మొక్కలైతే రెండు మూడు దగ్గరగా పెట్టి, పూత వచ్చాక ఆడ మొక్క ఏదో చూసుకుని ఉంచుకోండి, ఒక్కటే పెట్టి అది పోతు అయితే ఏడాది దండగ.

గొయ్యి రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. తవ్విన పై మట్టిలో ఒక గంప ఎరువు, అర కిలో వేపపిండి కలిపి నింపి, వేరు చుట్టూ ఉన్న మట్టి ముద్ద చెదరకుండా దించండి. అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు నేలకి జానెడు పైనే ఉండాలి. ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. పాదు మొదలు దగ్గర కాకుండా కాస్త దూరంగా గుండ్రంగా తియ్యండి.

ఆరో పని: పందిళ్ళు

సందు నేల తక్కువైనా పైన ఆకాశం ఉంది. ప్రహరీ నుంచి ఇంటి గోడకి ఏడడుగుల ఎత్తులో తుప్పు పట్టని జీఐ తీగ అడుగుకొకటి లాగితే పందిరి అయిపోయింది. పడమర గోడకైతే అడుగున్నర దూరంలో నిలువు జాలీ కట్టి పాదు పాకించండి, గోడ వేడెక్కదు.

దొండ అన్నిటికన్నా తేలిక. కాస్తున్న పాదు నుంచి పెన్సిలంత లావు తీగ ముక్క జానెడు కోసుకొచ్చి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. ఒక్క పాదు ఇంటికి చాలు, రెండు పెడితే పంచడానికి ఇళ్ళు వెతుక్కోవాలి. చలికాలంలో కాపు తగ్గాక మొదటికంటా కత్తిరిస్తే మళ్ళీ చిగురేస్తుంది. బచ్చలి కూడా ముక్క గుచ్చితే వచ్చేదే. కంద పక్కనే గోడకి బచ్చలి పాకిస్తే కందబచ్చలి కూరకి బజారుకి పోనక్కర్లేదు.

బీర, సొర, కాకర, పొట్ల పాదులకి అందరూ అడిగే ప్రశ్న ఒకటే, పిందె పడుతోంది కానీ వేలెడు అవ్వకముందే పసుపెక్కి రాలిపోతోంది, ఏ మందు కొట్టాలి అని. చాలాసార్లు మందుతో పనే లేదు. ఆడపువ్వుకి పుప్పొడి అందలేదు, అంతే. బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి. చుట్టుపక్కల అంతా కాంక్రీటు, తేనెటీగలు లేవు, రాత్రి తిరిగే రెక్కల పురుగులు లేవు, ఇక పుప్పొడి మోసేదెవరు? నందివర్ధనం, జాజి, తులసి, మునగ పూత అవసరం ఇక్కడ. ఆ పూలకి వచ్చినవే మీ పాదుల మీదకీ వస్తాయి. అవి అలవాటు పడేదాకా మీరే ఆ పని చేయాలి. మగపువ్వు కోసి రేకులు తీసేసి, వెనకాల చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. బీరకీ సొరకీ పొట్లకీ సాయంత్రం ఆరు దాటాక, మిగతావాటికి పొద్దున్న ఎనిమిదిలోపు. పిందె నిలబడ్డాక కూడా కుళ్ళిపోతుంటే అది పండుఈగ పని, పిందెకి కాగితం సంచీ తొడిగేయండి.

ఏడో పని: కూర మడి, ఎప్పుడు ఏది

మడి వెడల్పు మూడున్నర అడుగులకి మించవద్దు, రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకి అందాలి. గోడకి ఆనుకుని ఉంటే రెండడుగులే. మడిలో అడుగు పెట్టకూడదు, తొక్కిన మట్టి గట్టిపడుతుంది.

మృగశిర కార్తె వానలతో, అంటే జూన్ రెండో వారం నుంచి, బెండ, గోంగూర, బీర, సొర, కాకర, పొట్ల. చిక్కుడు కూడా జూన్, జూలైలోనే పెట్టండి, కానీ పగటి పొద్దు తగ్గితే గానీ అది పూతకి రాదు, కార్తీకం దాకా ఆకు తప్ప ఏమీ కనబడదు, కంగారు పడి యూరియా వేశారంటే ఇంకా ఆకే. ఆగస్టు, సెప్టెంబరుల్లో వంగ, మిరప, టమాటా నారు పోసుకుని నెల రోజులకి నాటుకోండి. అక్టోబరు నుంచి పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి. ధనియాలు అలాగే చల్లితే సగమే మొలుస్తాయి, చెప్పుతోనో సీసాతోనో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేసి చల్లండి. ఫిబ్రవరిలో మళ్ళీ బెండ, దోస, సొర. ఏప్రిల్, మే నెలల్లో తోటకూర, బచ్చలి, గోంగూరతో సరిపెట్టుకోండి. ఆ ఎండలో కొత్తిమీర కోసం పోరాడటం దండగ.

ఆకుకూరలు మడి మొత్తం ఒకేసారి చల్లకండి. మడిని నాలుగు ముక్కలు చేసి వారానికో ముక్క. తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది కాబట్టి నాలుగోది చల్లిన వారానికల్లా మొదటిది కోతకి వచ్చేస్తుంది.

కలుపు తీసేటప్పుడు మాత్రం ఆగి చూడండి. గంగవాయిలి, పొన్నగంటి, అటికమామిడి, చెంచలి, పిండికూర, ఇవన్నీ మీరు విత్తకుండానే వచ్చే కూరలు. వినాయక చవితికి తెలంగాణలో వండే తుమ్మికూర కూడా అంతే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఇలాంటి విత్తని పంటల గురించి ఏళ్ళుగా చెప్తున్నారు. మీకు పేర్లు తెలియకపోతే ఊళ్ళో ఉన్న అమ్మమ్మనో, ఇంటి పనికి వచ్చే పెద్దావిడనో అడిగి గుర్తుపట్టడం నేర్చుకోండి, ఫోన్ యాప్‌ని నమ్మి వండుకోకండి. గంగవాయిలిలాగే నేల మీద పాకే నానబాలు జాతి మొక్కలుంటాయి, కాడ తుంచితే తెల్లటి పాలు కారాయంటే అది గంగవాయిలి కాదు, పీకి పారేయండి.

ఎరువు, పురుగు

ఇంటి మోతాదులో జీవామృతం: 20 లీటర్ల నీళ్ళలో కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు చెట్టు కింది మట్టి. నీడలో పెట్టి గోనెపట్టా కప్పి, పొద్దున్న సాయంత్రం కర్రతో తిప్పితే రెండు మూడు రోజుల్లో సిద్ధం. ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపి మొదళ్ళలో పోయండి, వారంలోపు వాడేయాలి. సిటీలో ఆవు మూత్రం ఎక్కడ దొరుకుతుందండీ అంటారా, వదిలేయండి, వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు నెలకోసారి గుప్పెడు వేసినా తోట నడుస్తుంది.

పేనుబంక, తెల్లదోమకి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. వంగలో కొమ్మ చివర వాలిపోయిందంటే లోపల పురుగుంది, రెండంగుళాలు కిందకి కత్తిరించి కాల్చేయండి, కంపోస్టులో వేయకండి.

నిమ్మ, కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులు, పెద్దయ్యాక పచ్చగా అవుతాయి, ఇవి సీతాకోకచిలుక పిల్లలు. మొక్క బాగా పెద్దదైతే వదిలేయండి. చిన్న మొక్క అయితే చేత్తో తీసి పెద్ద మొక్క మీదకి మార్చండి. ఒక మొక్కకి నాలుగు రెమ్మల ఆకు పోతుంది, పోనీండి.

కోతుల సంగతి చెప్పకపోతే తెలంగాణ పల్లెల్లో, చిన్న టౌన్లలో ఉన్నవాళ్ళు నన్ను తిడతారు. జామ, బొప్పాయి, అరటి, టమాటా ఇంట్లో ఉన్నాయంటే అవి పిలవని చుట్టాల్లా రోజూ వస్తాయి. వాటి బెడద ఉన్నచోట నేలలో పండే వాటి వైపు వెళ్ళండి, పసుపు, అల్లం, కంద, చేమ. వాక్కాయ, మిరప కూడా పెద్దగా ముట్టవు. పాదులకి ఐరన్ మెష్‌తో కప్పిన పందిరి తప్ప వేరే దారి లేదు, నైలాన్ వల చింపేస్తాయి.

విత్తనాలు మొదటిసారి కొనక తప్పదు. హైబ్రిడ్ ప్యాకెట్ అయితే వచ్చే ఏడాది దాని గింజ అదే కాయ ఇవ్వదు, అందుకని నాటు రకం అడగండి, లేదా బాగా కాస్తున్న ఇంటివాళ్ళని అడిగి తెచ్చుకోండి. బీర, సొర గింజకి కాయని పాదు మీదే పూర్తిగా ఎండనిచ్చి, చిక్కుడు, బెండ కాయలు మొక్క మీదే గలగలమనేదాకా ఉంచి, నీడలో ఆరబెట్టి బూడిద కలిపి సీసాలో పెట్టుకోండి. పాదులో మొదట్లో వచ్చిన మంచి కాయని గింజకి వదలాలి, చివర్లో మిగిలిన వంకర కాయని కాదు. ఆ కాయకి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టండి, ఇంట్లో అందరికీ చెప్పండి కూడా, లేకపోతే ఎవరో ఒకరు లేతగా ఉందని కోసి పచ్చడి చేసేస్తారు.